మా ఇంటిపేరుతో బాయి దిగిన పిల్ల

ఆవునూరి భూమిక ఓవర్‌మాన్ పరీక్ష పాసైంది. ఒక్కసారికి కాదు, మూడోసారికి పాసైంది. ముందు ఈ మాట రాసి, తరువాతే మిగతా సంగతులకు వస్తాను. ఎందుకంటే ఈ మధ్య ఆ పిల్ల గురించి ఎవరు నోరు తెరిచినా పెండ్లి దగ్గర మొదలుపెడుతున్నారు. పెండ్లికి ముందు ఆమె పుట్టనేలేదన్నట్టు మాట్లాడుతున్నారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దిక్కు బొగ్గుగనిని బాయి అంటారు. ఆ బాయిలోకి ఒక షిఫ్టుకు ఎంతమంది దిగితే అంతమంది ప్రాణాలకు ఓవర్‌మాన్ జవాబుదారీ. తలమీద కప్పు గట్టిగా ఉందా, గాలి ఆడుతోందా, ఎవరెక్కడ పని చేస్తున్నారు, దిగినవాళ్లందరూ పైకి వచ్చారా, ఇవన్నీ ఆ మనిషే చూడాలి. తరాలుగా అది మగవాళ్ల కొలువు. ఆడవాళ్లు బాయిలోకి దిగొద్దన్న కట్టుబాటు పోయి ఎన్నో ఏండ్లు కాలేదు. అది పోయీపోగానే మా పిల్ల తలకు దీపం కట్టుకుని నిలబడింది.

నేను ఆమె బాపమ్మను, పోశవ్వను. హుస్నాబాద్ దగ్గరి పల్లెలో ఐదో తరగతి దాకా చదివాను. ఐదు తరగతుల్లోనూ నేనే మొదటి నంబరు. మా బడిలో ఇరవయ్యో ఎక్కం తడుముకోకుండా చెప్పిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. బొగ్గు కంపెనీ దవాఖానలో ఆయాగా ముప్పై ఏండ్లు దాటి పనిచేశాను. నస్పూర్ కాలనీలో ఎంతమంది ఆడవాళ్లకు సంతకం నేర్పానో వాళ్లనే అడగండి. గొప్పలు చెప్పుకుంటోంది ముసలిది అనుకుంటే అనుకోండి, నాకేం ఫికర్ లేదు. చేసినవి చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మా పిల్ల చేసినవి కూడా చెబుతాను. పదో తరగతిలో లెక్కల్లో నూటికి నూరు. పాలిటెక్నిక్‌లో మైనింగ్ తీసుకుంటే తరగతి మొత్తంలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఓవర్‌మాన్ పరీక్షకు మొదటిసారి పోయినప్పుడు టైఫాయిడ్ జ్వరం. రెండోసారి నోటి పరీక్షలో ఒక పెద్దమనిషి గాలి గురించీ కప్పు గురించీ అడగడం మాని, "పెండ్లయినంక గూడ బాయిల దిగుతవా?" అని అడిగాడట. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. మూడోసారి అదే మాట ఇంకొకరు అడిగితే, "సార్, కప్పు కూలేటప్పుడు పెండ్లయిందా లేదా అని చూసి కూలుతదా?" అంది. పాసైంది. ఆ రోజు మా వాడకట్టులో కిరాణం నడిపే యూనుస్ భాయి పది కొబ్బరికాయలు ఊరికే ఇచ్చి, "పోశవ్వా, ఇగ మీ పిల్ల ముంగట మేం కూడ సలాం కొట్టాలె" అని నవ్వాడు. కొట్టమన్నాను.

ఆమె మొదటి షిఫ్టు సంగతి కూడా రాయాలి, దాని మీదే ఇదంతా నడిచింది. తలదీపాలు ఇచ్చే లాంప్ రూం దగ్గర ఒక ముసలి కార్మికుడు ఆమెను చూసి పరేషాన్ అయ్యాడట.

"నిన్ను ఏమని పిలువాలె బిడ్డా? సారనాల్నా, మేడమనాల్నా?"

"భూమిక అను తాతా."

"వామ్మో, ఆఫీసరువాయె, ఉత్త పేరుపెట్టి పిలుస్తె నాకు నోరు తిరగది."

"మిగతోళ్లను ఎట్ల పిలుస్తరు?"

"ఇంటిపేరుతోని. దుర్గం అంటం, జాడి అంటం."

"అయితె ఆవునూరి అను."

ఆ రోజు నుంచి బాయిలో మా పిల్ల పేరు ఆవునూరి. పై అధికారి నుంచి బొగ్గు టబ్బులు నెట్టేవాడి దాకా అందరికీ ఆవునూరే. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే నేను పైట అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మా ఇంటాయన ఆ కంపెనీ బాయిలోనే పనిచేశాడు. నేను ఆ కంపెనీ దవాఖానలోనే బతుకంతా గడిపాను. కానీ ఆవునూరి అనే ఇంటిపేరు కంపెనీ మస్టరులో, అంటే హాజరు పుస్తకంలో, ఎక్కింది మాత్రం ఆ పిల్లతోనే. అది ఎట్లాగో కింద వస్తుంది.

తరువాత రెస్క్యూ శిక్షణకు పోయింది. బాయిలో మంటో పొగో వస్తే, ఊపిరి సిలిండరు వీపుకు కట్టుకుని లోపలికి పోయి, పడిపోయినవాళ్లను మోసుకుని వచ్చే జట్టు అది. పొగ నింపిన గదిలో బరువు మోస్తూ నడిపిస్తారు. మగపిల్లలే వాంతులు చేసుకుంటారట. మా పిల్ల అందులో ఆడపిల్లల జట్టుకు ముందు నడిచే మనిషి. నేను కన్న కొడుకు కన్న బిడ్డ. ఇంకోసారి చెబుతాను, ముందు నడిచే మనిషి.

ఇప్పుడు పెండ్లి సంగతి.

రెండేండ్ల కింద పెద్దపల్లి సంబంధం కుదిరింది. అబ్బాయి విజయేందర్, రైల్వేలో సిగ్నళ్లు చూసే కొలువు. మంచివాడు. ఎంత మంచివాడంటే నోట్లో నాలుక ఉందో లేదో ఇంటివాళ్లకే అనుమానం. వాళ్ల నాన్న కనుకుంట్ల కుమారస్వామికి విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. చెడ్డమనిషని నేననను. కానీ ఆయనకు ఫ్లెక్సీల పిచ్చి. ఊర్లో ఎవరికి పదవి వచ్చినా, ఎవరింట్లో పాప పుట్టినా కూడలిలో ఫ్లెక్సీ కట్టిస్తాడు. శుభం ఎవరిదైనా పెద్ద బొమ్మ ఆయనదే.

పెండ్లయిన మూడో నెలలో మా పిల్ల జట్టు జిల్లాల పోటీలో మొదటి బహుమతి గెలిచింది. మేం పెద్దపల్లి పోతే కూడలిలో ఫ్లెక్సీ ఉంది. కుమారస్వామి బొమ్మ తాటికాయంత. విజయేందర్ బొమ్మ మామిడికాయంత. మా పిల్ల బొమ్మ కింద మూలకు, రేగుపండంత. రాత ఏమిటంటే, "రెస్క్యూ పోటీలలో విజయం సాధించిన శ్రీమతి విజయేందర్ గారికి శుభాకాంక్షలు." భూమిక అన్న పేరు ఎక్కడా లేదు. పొగలో నడిచింది ఎవరు? బరువు మోసింది ఎవరు? ఫ్లెక్సీ చదివినవాళ్లు ఏమనుకుంటారు, రైల్వే పిల్లగాని పేరుకు బహుమతి వచ్చిందనుకోరా?

నేను అక్కడే అడిగాను. "కుమారస్వామీ, గెలిచిన మనిషి పేరేది?"

"ఉంది గదా అత్తమ్మా, శ్రీమతి అని పెట్టిచ్చిన. మర్యాదగ ఉంటదని."

"మర్యాద మంచిగనే ఉంది. మనిషే లేదు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

తరువాత క్వార్టరు సంగతి. కంపెనీ నస్పూర్‌లో క్వార్టరు ఇచ్చింది ఎవరికి? భూమికకు. ఆమె కొలువుకు. ఒక ఆదివారం పోయి చూస్తే తలుపు పక్కన నల్లరాతి పలక: "కనుకుంట్ల విజయేందర్." కుమారస్వామి పెద్దపల్లిలో చెక్కించి తెచ్చి బిగించిపోయాడు. మా కోడలు శ్యామల, భూమిక తల్లి, నా చెయ్యి పట్టి గిల్లింది, మాట్లాడవద్దని. శ్యామలకు లొల్లి అంటే భయం. "ఆడిబిడ్డను ఇచ్చుకున్నోళ్లం అత్తా, జర తగ్గాలె" అంటుంది. ఎంత తగ్గాలి? తగ్గీ తగ్గీ మనిషి పేరే మాయమయ్యేదాకా తగ్గాలా?

మా పిల్ల కూడా తగ్గింది. "పలకనే కదా బాపమ్మా, రాయి మీద ఎవల పేరుంటె ఏంది" అంది. పొగకు భయపడని పిల్ల ఒక ఇంటి పెద్దరికానికి భయపడింది. మామ దసరాకు ఒక కాగితం ముందు పెట్టి, "కంపెనీల గూడ మన ఇంటిపేరు ఎక్కాలె బిడ్డా, నలుగురు అడుగుతుండ్రు" అంటే సంతకం కూడా పెట్టింది. పెద్దమనిషి అడిగాడు, కాదంటే బాగుండదని పెట్టిందట. నాకు చెప్పనేలేదు.

ఈ జనవరిలో ఆ సంతకం కాలికి అడ్డం పడింది. నాగపూర్ దిక్కు జరిగే పెద్ద పోటీకి, దేశంలోని బాయిలన్నిటి జట్లు వచ్చే పోటీకి, మా జట్టును ఎంచారు. అందరి పేర్లూ పోయాయి. మా పిల్ల పేరు ఆగింది. శిక్షణ సర్టిఫికెట్టు ఆవునూరి పేరు మీద, పేరు మార్పు దరఖాస్తు కనుకుంట్ల పేరు మీద. అధికారి మంచిగానే చెప్పాడట. "సర్టిఫికెట్లన్నీ కొత్త పేరుకు మార్చాలంటే నెలలు పడతాయి. లేదా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని నీ చేతితో రాసి ఇయ్యి. సోమవారం జెండా పండుగ సెలవు. మంగళవారం పొద్దున పట్టిక పంపిస్తాను."

అంటే సంగతి ఇది. కాగితం వెనక్కి తీసుకుంటే పోటీకి పోతుంది, మామకు కోపం వస్తుంది. తీసుకోకపోతే మామ ఇజ్జత్ నిలుస్తుంది, ఆమె జాగాలో ఇంకొకరు ముందు నడుస్తారు.

మామకు ఫోన్ చేసి అడిగింది. ఆయనేమన్నాడు? "ఈసారికి ఆగు బిడ్డా, వచ్చే ఏడు కనుకుంట్ల పేరు మీదనే దర్జాగ పోదువు గని. ఆదివారం ఒడిబియ్యం పెట్టుకున్నం, చుట్టాలందరికి చెప్పిన, గిప్పుడు లొల్లి వద్దు." ఆ పిల్ల సరే మామయ్యా అని ఫోన్ పెట్టేసిందట. నాకు శనివారం సాయంత్రం చెప్పింది, బట్టలు మడతపెడుతూ, ఏమీ కాని సంగతి చెప్పినట్టు.

ఒడిబియ్యం అంటే మా దిక్కు ఆడపిల్లలకు తెలియనిది కాదు. పెండ్లయిన బిడ్డకు మూడో ఏట, ఐదో ఏట పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరపండ్లు, రవికె గుడ్డ పెడతారు. ఆ బియ్యం అంగట్లో కొన్నవి కాదు, పుట్టింటి నుంచి మూటగట్టి తెచ్చినవే పోయాలి. ఎంత ఉన్నింటికి పోయిన బిడ్డయినా ఆ బియ్యానికి కొంగు పడుతుంది. నువ్వు మా ఇంటి బిడ్డవే అని పుట్టిల్లు చెప్పే మాట అది.

ఆదివారం పెద్దపల్లి పోయాం. వాకిట్లో షామియానా. పీట మీద మా పిల్ల, పక్కన అల్లుడు. కుమారస్వామి మెడలో కండువా వేసుకుని వచ్చినవాళ్లకల్లా, "మా కోడలు, కనుకుంట్ల భూమిక, బాయిల ఆఫీసరు" అని చెబుతున్నాడు. శ్యామల బియ్యం పోయడానికి లేచింది. మొగుడు పోయినదాన్ని కాబట్టి నేను పోయకూడదు. అది కూడా ఒక అన్యాయమే, దాని గురించి ఇంకోసారి రాస్తాను. కానీ బియ్యం మూట నా ఒడిలో ఉంది. ముడి నేనే వేశాను.

"మూట ఇయ్యత్తా" అంది శ్యామల.

"ఎవలకు పోస్తున్నవే?"

"ఎవలకేంది, బిడ్డకు."

"ఎవలింటి బిడ్డ?"

నేను కుమారస్వామి వైపు తిరిగాను.

"ఇవి ఆవునూరోళ్ల బియ్యం, కుమారస్వామీ. ఆవునూరోళ్ల ఆడిబిడ్డకు పోద్దామని తెచ్చినం. గిక్కడికొస్తె గా పిల్లే లేకపాయె. పీట మీద కూసున్నది కనుకుంట్ల భూమిక అంటున్నవు. మీ ఇంటి బిడ్డకు మీ బియ్యం మీరే పోసుకోన్రి. మా మూట మేం కొండవోతం."

ఒక చుట్టం, "ముసలవ్వకు ఎండ గొట్టింది" అన్నాడు. జనవరిలో ఎండేంది రా అని అతన్ని కూడా అడిగాను.

కుమారస్వామి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అత్తమ్మా, శుభం నాడు గిదేం లొల్లి? పది మంది ముంగట నా ఇజ్జత్ తీస్తవా?"

"పది మంది ముంగట నువ్వు దాని పేరు తీసినవు గద."

"పేరు తీసుడేంది? మా ఇంటి పేరు ఇచ్చిన. ఇయ్యకుంటె అందరేమంటరు, కోడల్ని మనిషిగ చూస్తలేరు అంటరు."

"ఇచ్చుడంటె అడిగినోళ్లకు ఇచ్చుడు. అడిగిందా అది?"

అప్పుడు ఆయన భార్య అనసూర్య లేచింది. అంతవరకు చుట్టాల మధ్య కూర్చుని ఉంది. ఆమె మాట నా గుండెకు సూటిగా తగిలింది, ఒప్పుకుంటాను.

"పెద్దమ్మా, నేను మార్చుకోలేదా? నాకేం రోగమొచ్చింది? అంతెందుకు, నువ్వు ఆవునూరి ఆవునూరి అని కొట్లాడుతున్నవు, అది నీ పుట్టింటి పేరా? నీ మొగనిది గాదా? నువ్వు మొయ్యంగ లేంది నీ మనుమరాలు మోస్తె తప్పేంది?"

చుట్టాలు నవ్వారు. అడిగింది న్యాయమైన మాటే. నేను మూట పక్కన పెట్టి లేచాను.

"మంచిగ అడిగినవు అనసూర్యా. ఇను. నాకు ఇంటిపేర్లు మూడున్నయి. పుట్టినప్పుడు గుండేటి. పెండ్లయినంక ఆవునూరి. కంపెనీల మొగిలి. మూడిట్ల ఒక్కటి గూడ నేను కోరుకున్నది గాదు. నన్ను అడిగినోడు లేడు."

"మొగిలి ఎక్కడిది మల్ల?" అన్నాడు కుమారస్వామి.

నేను ఈ సంగతి నా కొడుకు సాగర్‌కు, భూమిక తండ్రికి కూడా పూర్తిగా చెప్పలేదు. ఆ రోజు వియ్యపువాళ్ల వాకిట్లో చెప్పాను.

"నా మొగని పేరు ఆవునూరి కొమురెల్లి. మా ఊర్లె మొగిలి పరశురాములని ఒకడుండె. వానికి బాయిల కొలువొస్తె దిగుడు భయమని ఇడిసిపెట్టిండు. వాని కాయిదం పట్టుకొని మా ఆయన పోయి, నేనే పరశురాములునని చేరిండు. గప్పుడు బాయిల మీద గట్ల మారుపేర్ల మీద బతికినోళ్లు మస్తుమంది. నాకు చెప్పలే. కొత్త పెండ్లాన్ని, ఎక్కడన్న నోరు జారుతనని అనుకున్నడేమో. నల్ల కాడ నీళ్లు పడుతుంటె బాయి మీదికెళ్లి మనిషొచ్చిండు సైకిలేసుకొని. 'మొగిలి పరశురాములు ఇల్లేది? కప్పు కూలింది, పెండ్లాన్ని దవాఖానకు పంపున్రి' అని ఒర్రుకుంట తిరుగుతుండు. గా పేరోళ్లు మా వాడకట్టుల లేరన్నా అని చెప్పింది ఎవలో ఎరికేనా? నేనే."

శ్యామల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పాపం, ఎవల సంసారమో అనుకుంట బిందె ఎత్తుకొని ఇంటికి పోయిన. పొయ్యి ముట్టిచ్చిన. ఆయన షిఫ్టు దిగి వస్తడని చారు కాగబెట్టిన. ఆయన దవాఖానల నన్ను పిలుసుకుంట పొద్దుమూకెదాక పాణం పట్టుకొని ఉన్నడట. ఎవలో ఎరికున్నోడు పరుగెత్తుకొచ్చి చెప్పి, నేను పోయేవరకు గుడ్డ కప్పిండ్రు. కడుపుల సాగర్ ఉండె."

నేను ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేను.

"వాళ్ల కాయిదాల్ల సచ్చింది పరశురాములు. అందుకని నాకు కొలువు పరశురాములు పెండ్లమని ఇచ్చిండ్రు. బతికున్న పరాయోని పేరు మోసుకుంట దవాఖానల ముప్పై ఏండ్లు చేసిన. జాతరకు పోతె వాని పెండ్లం నన్ను 'ఏమే సవితీ, మంచిగున్నవా' అని పిలిచేది. నవ్వుకుంటనే పిలిచేది. నా కొడుక్కు నా కొలువు రావాలంటె, తండ్రి పేరొక తీరు ఇంటిపేరొక తీరు అని ఎల్లగొట్టిండ్రు. వాడు ఇయ్యాల ట్రాలీ ఆటో తోలుతుండు. పేరంటె ఏంది, ఉత్త మాటనే గద అంటరు మీరు. నాకు తెలుసు పేరంటె ఏందో. గీ పిల్ల మా ఆయన పేరు బాయిల మొదటిసారి ఎక్కిచ్చింది. అది మొయ్యుమని అంటలేను. కనుకుంట్ల కావాలె అనుకుంటె కనుకుంట్లనే పెట్టుకోని. నేనీడనే మూట ఇప్పుత, నోరెత్త. కని ఎవలన్న దాన్ని అడుగున్రి. జర ఒక్కసారి దాన్ని అడుగున్రి."

కుమారస్వామి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అడగలేదు. అడిగింది విజయేందర్. నోట్లో నాలుక లేదన్నానే, ఆ పిల్లవాడే.

"ఏం పెట్టుకుంటవు నువ్వు?"

మా పిల్ల పీట మీద తల వంచుకుని ఉంది. తల ఎత్తింది. నా వైపు చూడలేదు, మామ వైపు చూసింది.

"మామయ్యా, మీరు అడిగినప్పుడు కాదంటె మీరు చిన్నబోతరని సంతకం పెట్టిన. నాకు ఇష్టమని గాదు. బాయిల నన్ను ఆవునూరి అంటరు. పొగల పోయినంక కండ్లు కనవడయి. ఎనుకకెళ్లి ఆవునూరీ అని కేకేస్తె సోయి లేకున్న తిరుగుత. ఇంకో పేరు పిలిస్తె నాకే అని తెల్వాలె గదా. పేరు నాది. మంగళవారం కాయిదం వాపసు తీసుకుంట. పోటీకి పోత."

"అయితె నా కొడుకేమైతడు? ఇల్లరికమా?" అన్నాడు కుమారస్వామి.

"నా పేరు నాకే ఉంది గద బాపూ," అన్నాడు విజయేందర్. "ఎవలు గుంజుకున్నరు?"

చుట్టాలు మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు ఆయన మీదికి పోయింది. కుమారస్వామి చెప్పులేసుకుని వాకిలి దాటి పోయాడు. అనసూర్య నా మాట ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. కానీ పీట మీద కూర్చోబెట్టిన కోడలు ఒట్టి ఒడితో లేస్తే ఇంటికి అరిష్టమని ఆమెకు భయం. "మీ పంచాది తర్వాత తెంపుకోన్రి. బియ్యం పోయున్రి, పొద్దెక్కుతుంది" అని కసురుకుంది. నేను ముడి విప్పాను. శ్యామల పోసింది. మా పిల్ల కొంగు పట్టింది. ఆవునూరోళ్ల బియ్యం ఆవునూరోళ్ల బిడ్డ ఒడిలో పడ్డాయి.

మంగళవారం పొద్దున విజయేందర్ బండి మీద దింపితే ఆఫీసుకు పోయి రాసిచ్చింది. గుమాస్తా కొత్త పట్టిక రాస్తూ, "పేరు ముందల ఏం పెట్టాలె, శ్రీమతినా, కుమారినా?" అని అడిగాడట. జట్టులో పెండ్లికాని పిల్లలకు కుమారి అని రాశారట. మగ జట్టు పట్టికలో పెండ్లయినవాడికొకటి, కానివాడికొకటి రాశారా? లేదు. అందరికీ ఒకటే. అడిగితే అలవాటు అన్నాడట. మా పిల్ల, "ఓవర్‌మాన్ అని పెట్టున్రి. అది నేను పరీక్ష రాసి తెచ్చుకున్న" అందట. అది విని నేను మూడుసార్లు చెప్పించుకున్నాను.

క్వార్టరు దగ్గర రాతి పలక ఇంకా అక్కడే ఉంది. దాని కింద విజయేందర్ అట్ట మీద రంగు పెన్నుతో ఆవునూరి భూమిక అని రాసి అంటించాడు. రాయి మీద అతని పేరు, అట్ట మీద ఆమె పేరు. వానకు ఏది ఉంటుందో, ఏది పోతుందో వేరే చెప్పాలా? రాయి చెక్కేవాడికి చెప్పానన్నాడు. చూస్తాను. మరిచిపోయేదాన్ని కాదు నేను.

కుమారస్వామి నాతో మాట్లాడడం లేదు. కానీ నేను సమ్మక్క జాతరకు పోయి వచ్చిన నాడు పెద్దపల్లి కూడలిలో కొత్త ఫ్లెక్సీ కట్టించాడని యూనుస్ భాయి ఫోనులో బొమ్మ చూపించాడు. "పోటీలకు వెళ్తున్న మా కోడలు ఆవునూరి భూమికకు శుభాకాంక్షలు" అని ఉంది. పేరు ఉంది. పూర్తిగా ఉంది. ఆయన బొమ్మ మాత్రం తాటికాయంతే ఉంది. "మా కోడలు" అనే అక్షరాలు పేరుకంటే లావుగా ఉన్నాయి. యూనుస్ భాయి, "ఇగ ఊకో పోశవ్వా, అంతకంటె ఏం కావాలె" అన్నాడు. ఎందుకు ఊకోవాలి? సగం ఇచ్చి మొత్తం ఇచ్చామనేవాళ్లను చూస్తే నాకు ఇంకా ఎక్కువ మంట.

మా కాలనీ మహిళా సంఘం పుస్తకానికి భూమిక గురించి రాయమంటే ఇది రాశాను. అచ్చు వేసేవాళ్లకు ఒక మాట. ఫొటో కింద శ్రీమతి అని పెట్టొద్దు, ఫలానావారి కోడలు అని పెట్టొద్దు, ఫలానామె మనుమరాలు అని కూడా పెట్టొద్దు. పెడితే నేను సంఘం ఆఫీసుకు వస్తాను. నా నోరు మీకు తెలుసు.

మొన్న జట్టుతో మంచిర్యాల స్టేషన్‌లో రైలెక్కింది. విజయేందర్ సంచి అందించాడు. శ్యామల ఒడిబియ్యంలో కొన్ని వండి పులిహోర కట్టిచ్చింది. రైలు కదిలేటప్పుడు మా సాగర్ ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఎన్నడూ గొంతు పెంచనివాడు, రెండు చేతులు నోటి దగ్గర పెట్టుకుని "ఓ ఆవునూరీ!" అని కేకేశాడు. డబ్బా తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల వెంటనే తిరిగి చెయ్యి ఊపింది.

ఓడినా గెలిచినా నాకు లెక్కలేదు. కాదు, అబద్ధం ఎందుకు, గెలవాలి. శివరాత్రి దాటిన మూడో రోజు అదే స్టేషన్‌లో దిగుతుందట. నేను కూడా పోతాను, పేరు పెట్టి పిలవడానికి. ఫిబ్రవరి పద్దెనిమిది, బుధవారం.